కాలిక్యులేటరు వాకిట కావలి

వెబ్ పుటలను నిర్మించు విద్యను నేర్వబూనిన ప్రతి విద్యార్థియు తొలిదినములలో చేయు చిన్న అభ్యాసములలో కాలిక్యులేటరు ఒకటి. పది అంకెలు, నాలుగు గుర్తులు, ఒక దశాంశబిందువు, ఒక సమానచిహ్నము, తుడిచివేయుటకొక మీట. దాని సామగ్రి యింతమాత్రమే. కూడికయు తీసివేతయు కంప్యూటరునకు పుట్టుకతో వచ్చిన విద్యలు గనుక ఆ పని ఒక పూటలో ముగియును. చిక్కంతయు ఆ పుటను మఱియొకరి చేతికిచ్చిన పిమ్మట మొదలగును. అతడు దశాంశబిందువును రెండుమారులు నొక్కును, గుణకారచిహ్నము వెంటనే భాగహారచిహ్నమును నొక్కును, సున్నతో భాగింపుమనును, ఏమియు వ్రాయకయే సమాధానమడుగును. లోపలి గణితమెంత నిర్దుష్టమైనను ఈ నాలుగింటికిని ఏమి బదులు చెప్పవలెనో యంత్రము తనంతట తానెఱుగదు. చెప్పించవలసినవాడు దానిని వ్రాసినవాడు.

గణనయంత్రముల చరిత్రను వ్రాసినవారు సామాన్యముగా చక్రములను, పండ్లను, రిలేలను, సిలికాను ఫలకములను వర్ణించి, ఏ యంత్రమెన్ని అంకెలను మోసెను, ఎంత వేగముతో గుణించెను అను విషయములతో తృప్తిపడిరి. మనుష్యుని చేతినుండి అంకె యంత్రములోనికి ప్రవేశించు వాకిలి యొకటి కలదనియు, ఆ వాకిట నిలిచి వచ్చినదానిని పరీక్షించు కావలికిని సుదీర్ఘమైన చరిత్ర కలదనియు స్మరించినవారు తక్కువ. యంత్రము కూడికలో తప్పుట అరుదు. చేయి తప్పుట నిత్యము. చేతి తప్పునకు బాధ్యత చేతిదా, యంత్రముదా అను వివాదమే ఈ చరిత్రకు ఇరుసు.

ఏ ప్రశ్నను గణితము స్వీకరింపవలెను, దేనిని త్రోసిపుచ్చవలెను అను విచారము యంత్రములకంటె మిక్కిలి ప్రాచీనము. క్రీ.శ. 628లో బ్రాహ్మస్ఫుటసిద్ధాంతమును రచించిన బ్రహ్మగుప్తుడు సున్నకు కూడిక తీసివేతల నియమములను నిర్మించి, సున్నను సున్నతో భాగించినచో సున్నయే యగునని చెప్పి, ఇతరసంఖ్యను సున్నతో భాగించునపుడు మాత్రము దానిని సున్న హారముగాగల రాశిగా నిలిపి యూరకుండెను. తొమ్మిదవ శతాబ్దిలో రాష్ట్రకూట అమోఘవర్షుని కాలమున గణితసారసంగ్రహమును వ్రాసిన మహావీరాచార్యుడు సున్నతో భాగింపబడిన సంఖ్య మార్పుచెందదని పొరబడెను. అయినను ఋణసంఖ్య దేనికిని వర్గము కాజాలదు గావున దానికి వర్గమూలము లేదని స్పష్టముగా పలికినవాడును అతడే. ఆ గ్రంథమునే పావులూరి మల్లన తెనిగించుటచేత మహావీరుని గణితము తెలుగువారి చదువులోనికి వచ్చెను. పన్నెండవ శతాబ్దిలో భాస్కరాచార్యుడు సున్న హారముగాగల రాశికి ఖహరమని పేరిడి, ఎంత కలిపినను ఎంత తీసినను మార్పుచెందని అనంతునితో దానిని పోల్చెను. ఈనాడు చేతిలో ఇమిడెడి చౌక కాలిక్యులేటరును సున్నతో భాగింపుమన్నచో తెఱపై తప్పు గుర్తును చూపి నిలిచిపోవును. బ్రౌజరులోని జావాస్క్రిప్ట్ భాష అనంతమను పదమునే బదులుగా నిచ్చును. మొదటిది ప్రశ్నను నిరాకరించుట, రెండవది భాస్కరుని పక్షము వహించుట. పండితగోష్ఠిలో రెండవదానిని సమర్థింపవచ్చును గాని, అప్పు వాయిదాను లెక్కించుకొను గృహస్థునకు మాత్రము మొదటిదే మేలు.

1642లో పంతొమ్మిదేండ్ల బ్లేజ్ పాస్కల్ పన్నుల లెక్కలతో సతమతమగుచున్న తండ్రి శ్రమను తగ్గింపనెంచి రూఆన్ నగరమున యంత్రనిర్మాణమునకు పూనుకొనెను. ఆనాటి ఫ్రెంచి నాణెముల లెక్కలో పన్నెండు దెనియేలు ఒక సూ, ఇరువది సూలు ఒక లీవ్రు. అందుచేత ద్రవ్యగణనమునకై చేసిన యంత్రములలో చివరి రెండు చక్రములకు పదేసి విభాగములు గాక పన్నెండును ఇరువదియు నేర్పఱచిరి. పన్నెండు విభాగముల చక్రముపై పదమూడవ దెనియేను ఉంచుటకు చోటే లేదు. రెండువందల యేండ్లకు పైగా గడచిన పిమ్మట ఇంగ్లండులోని వర్తకగృహములకై చేసిన మీటల యంత్రములలోను పెన్నీల వరుస పదునొకండుతో ముగిసెడిది. పన్నెండవ పెన్నీని నొక్కుదమన్నను మీట యుండెడిది కాదు. రూపాయికి పదునారణాలు, అణాకు పన్నెండు పైలు లెక్కించుచు 1957 ఏప్రిల్ 1న దశాంశనాణెములు వచ్చువరకు పద్దులు వ్రాసిన మన గుమాస్తాలకు ఈ యేర్పాటు విలువ వేఱుగ చెప్పనక్కరలేదు. తప్పు చేసిన పిమ్మట మందలించుటకంటె, తప్పునకు చోటులేకుండ చేయుట శ్రేష్ఠము. ఈ సూత్రమును నేటి వెబ్ నిపుణులు నూతనముగా కనిపెట్టినట్లు బోధించుచుందురు. అది పాస్కల్ చక్రములయందే కలదు. అదే పాస్కల్ మఱియొక విషయమున మనుష్యుని సుఖమును విస్మరించెను: ఆ చక్రములు వెనుకకు తిరుగవు గావున తీసివేయవలసినవాడు ప్రతి అంకెకును తొమ్మిదినుండి దాని పూరకమును గ్రహించి కూడవలసివచ్చెను. యంత్రము లోపలి కష్టమును వాడువాని నెత్తిన మోపు దురాచారమునకు ఇది తొలి యుదాహరణము.

ఈ చరిత్రలో మహాపురుషుడని చెప్పదగినవాడు చార్లెస్ బాబేజి. ఆయన 1864లో ప్రకటించిన స్వీయచరిత్రలో, యంత్రమున తప్పుడంకెలు పెట్టినచో సరియైన సమాధానములు వచ్చునా యని పార్లమెంటు సభ్యులిద్దరు వేర్వేరు సందర్భములలో తన్నడిగిరనియు, అట్టి ప్రశ్న పుట్టుటకు ఎట్టి బుద్ధివైకల్యము కారణమో తనకు బోధపడలేదనియు పరిహాసముగా వ్రాసికొనెను. ఆ మాటలను కంప్యూటరు శాస్త్రజ్ఞులు నేటికిని నవ్వుచు చెప్పుకొందురు. నాకు మాత్రము ఆ సభ్యులపై జాలి కలుగును. ఏలనన అదే పుస్తకమున బాబేజి తన విశ్లేషణయంత్రమును గూర్చి చెప్పిన మాటలు చదివినచో, వారి ప్రశ్నకు సగము సమాధానమును ఆయనయే స్వయముగా రూపొందించెనని తేలును.

ఆ యంత్రమునకు గణనమధ్యమున ఒకానొక సంఖ్యయొక్క లాగరిథము కావలసివచ్చినదనుకొందము. అది గంట మ్రోగించి, తనకు కావలసిన సంఖ్యను చూపి నిలిచిపోవును. ప్రక్కనున్న సేవకుడు ఆ సంఖ్యకు తగిన రంధ్రపత్రమును పెట్టెనుండి తీసి అందింపవలెను. ఆ పత్రముపై లాగరిథము మాత్రమే గాక, అది యే సంఖ్యకు చెందినదో ఆ సంఖ్యయు రంధ్రములుగా నుండును. యంత్రము తాను కోరిన సంఖ్యనుండి పత్రముపై సంఖ్యను తీసివేసి చూచును. శేషము సున్నయైనచో పత్రము సరియైనదే, పని సాగును. శేషము మిగిలెనా, ఇంకను పెద్ద గంటను మ్రోగించి, వచ్చిన పత్రము తప్పని తెలుపు ఫలకమును చూపి, సరియైనది వచ్చువరకు కదలక నిలుచును. అడిగినది అడిగినట్లు స్పష్టముగా చూపుట, వచ్చినదానిని వచ్చిన తోడనే పరీక్షించుట, తప్పైనచో మౌనముగా మ్రింగక బిగ్గరగా చెప్పుట, చెప్పి మరల అవకాశమిచ్చుట: ఈనాడు వెబ్ పుటలోని చిన్న గడికి మనము కోరు గుణములన్నియు అందు కలవు. ఆ యంత్రము పూర్తికాక చాలవఱకు కాగితములపైననే నిలిచిపోయెను. తప్పుడంకె పెట్టినచో ఒప్పు సమాధానము రాదు. తప్పుడంకె వచ్చినదని చెప్పుట మాత్రము సాధ్యమే. ఆ సభ్యులకు బాబేజి ఈ మాట చెప్పియుండవలసినది.

కాగితముపైని గంట ఓడ్నర్ యంత్రములలో నిజముగా మ్రోగెను. స్వీడనునుండి సెయింట్ పీటర్స్‌బర్గునకు వచ్చి స్థిరపడిన ఓడ్నర్ పందొమ్మిదవ శతాబ్ది చివరి భాగమున నిర్మించిన పిడి త్రిప్పెడి యంత్రమును అనుసరించి ఐరోపాలో పెక్కు యంత్రములు వెలసెను. వానియందు ఫలము పట్టవలసిన స్థానములను మించినను, తీసివేతలో సున్నకు దిగువకు జారినను గంట మ్రోగెడిది. భాగహారము చేయువాడు ఆ గంటనే పనిముట్టుగా వాడుకొనెను: గంట మ్రోగువరకు తీసివేయుట, మ్రోగగానే పిడిని ఒక్కమారు వెనుకకు త్రిప్పి కలుపుట, ప్రక్కస్థానమునకు జరుగుట. ఇదే జాతికి చెందిన స్వీడిషు ఫేసిట్ యంత్రములు మన విశ్వవిద్యాలయముల గణాంకశాలలలోను, కార్యాలయములలోను ఎన్నో యేండ్లు మ్రోగినవి; వాని చప్పుడు విన్నవారు నేటికిని మనమధ్య నున్నారు. విద్యుత్తుతో నడచు యంత్రములు వచ్చిన పిమ్మట సున్నతో భాగించు ప్రశ్న క్రొత్తరూపము దాల్చెను. సున్నను ఎన్నిమారులు తీసివేసినను సంఖ్య తఱుగదు గనుక అట్టి యంత్రము ఎవరో వచ్చి ఆపు మీటను నొక్కువరకు ఘోషించుచు తిరుగుచునే యుండెడిది. బ్రహ్మగుప్తుడు మాటలతో తేల్చలేకపోయిన విషయమును అది మోతతో తెలిపెను.

అమెరికాలో కథ వేఱు మార్గమున నడచెను. 1884 చివర షికాగో నగరమున డార్ ఫెల్ట్ అను ఇరువదిరెండేండ్ల యువకుడు మాకరోనీ పెట్టె నొకదానిని సంపాదించి, మాంసము గ్రుచ్చు పుల్లలను మీటలుగాను, రబ్బరు పట్టీలను స్ప్రింగులుగాను అమర్చి, కొద్దివారములలో కాంప్టోమీటరు నమూనాను సిద్ధము చేసెను. 1887లో దానికి పేటెంటు లభించెను. పిడి లేదు, మీటను నొక్కుటయే కూడుట. ఒక్కొక్క స్థానమునకు ఒకటినుండి తొమ్మిదివరకు తొమ్మిదేసి మీటలు నిలువువరుసగా నుండును. సున్నకు మీట లేదు, నొక్కకుండుటయే సున్న. పలు స్థానముల మీటలను పలు వ్రేళ్ళతో ఒక్కమారే నొక్కవచ్చును గావున, ప్రత్యేకపాఠశాలలలో శిక్షణ పొందిన ఉద్యోగినులు యంత్రమువంక చూడకయే కాగితమువంక చూచుచు పద్దులను కూడెడివారు. పై వరుసలకు చేయి చాచుట కాలయాపనమని, ఎనిమిదిని నాలుగు రెండుమారులుగా నొక్కుట వారి నేర్పు. సరి బేసి అంకెల మీటల పైభాగములు భిన్నాకృతితో నుండుటచేత వ్రేలికొనయే అంకెను గుర్తించెడిది.

ఇట్టి వేగమునకు తగిన దోషము నుండనే యున్నది. మీట సగముదూరమే దిగి లేచినచో అంకె పూర్తిగా చేరదు. ఏడనుకొని నొక్కినది నాలుగుగానో అయిదుగానో కూడబడును. గుమాస్తా చూపు కాగితముమీదనున్నది గదా, ఆమెకు తెలియదు. మొత్తము తప్పును, అది ఏ పద్దువద్ద తప్పెనో ఎవరును చెప్పజాలరు. దీనికి గుమాస్తాలను నిందించుట సులభము, పెక్కు యజమానులు నిందించియు నుందురు. ఫెల్టు సంస్థవారు వేఱు త్రోవ పట్టిరి. 1913 ప్రాంతమున వచ్చిన నియంత్రితమీటల కాంప్టోమీటరులో ఏ మీటయైనను పూర్తిగా దిగకున్నచో మిగిలిన వరుసలన్నియు బిగిసిపోవును. తరువాతి అంకెను నొక్కబోయిన వ్రేలికి మీట కదలకుండుటయే హెచ్చరిక. ఆమె సగము దిగిన మీటను పూర్తిగా నొక్కి, విడుదల మీటను తాకి, ఏమియు పోగొట్టుకొనక పనిని కొనసాగించును. చూపుతో పనిలేని మనిషికి చూపుతో పనిలేని హెచ్చరిక. తప్పు జరిగినచోటనే, జరిగిన క్షణముననే హెచ్చరిక. చేసిన పని చెడకుండ దిద్దుబాటు. ఈ నూఱేండ్లకు పైబడిన కాలములో ఇంతకంటె మేలైన కావలిని నేనెఱుగను.

తొమ్మిదేసి మీటల వరుసలు విస్తారమై, ఖరీదై యుండెను. 1914 ప్రాంతమున ఇల్లినాయ్‌లోని రాక్‌ఫర్డు నగరపు సండ్‌స్ట్రాండ్ సోదరుల యంత్రము పది మీటలనే మూడేసి వరుసలలో అమర్చి, ఏడు ఎనిమిది తొమ్మిది పైనను, సున్న అడుగునను ఉంచెను. నేటి కాలిక్యులేటరు ముఖము అదే. 1960లో బెల్ పరిశోధనశాలవారు టెలిఫోను మీటలకై పలు అమరికలను మనుష్యులచే పరీక్షింపజేసి, ఒకటి రెండు మూడు పైనుండు అమరికను ఎన్నుకొనిరి. అందుచేతనే ఒకే చేతిలోని ఒకే ఫోనుపై, నంబరు నొక్కు తెఱకును లెక్కలు చేయు తెఱకును అంకెలు తలక్రిందులుగా నున్నవి. ఇరువురును తమతమ హేతువులను చూపగలరు, ఇబ్బంది మాత్రము మనది.

పది మీటలతో క్రొత్త జాతి పొరపాటొకటి పుట్టెను. నిండు మీటల యంత్రములో అంకె స్థానమును వరుసయే నిర్ణయించును. పది మీటల యంత్రములో నొక్కిన క్రమము నిర్ణయించును. కనుక నలుబదియైదు ఏబదినాలుగగుట ఇక్కడ అతిసులభము. తొమ్మిదులను తీసివేసి శేషమును పోల్చెడి పరీక్ష, పదవ శతాబ్దివాడని చెప్పబడు రెండవ ఆర్యభటుని మహాసిద్ధాంతమున కనబడు ప్రాచీనసాధనము, ఈ పొరపాటును పట్టజాలదు. అంకెల తారుమారు వలన కలుగు భేదము ఎల్లప్పుడును తొమ్మిదికి గుణిజమే. తెలివిగల గుమాస్తాలు దీనినే ఆధారముగా గొని, పద్దులలోని తేడా తొమ్మిదితో నిశ్శేషముగా భాగింపబడినచో అంకెలెక్కడనో తారుమారైనవని వెదకెడివారు. ఐ.బి.ఎం. సంస్థలోని హన్స్ పీటర్ లూన్ 1954లో దరఖాస్తు చేసి 1960లో పేటెంటు పొందిన, సంఖ్య చివర చేర్చు పరీక్షాంకము ఇట్టి తారుమారులలో చాలవఱకు పట్టెను. 1969లో డచ్చి గణితజ్ఞుడు వెర్‌హోఫ్ కూర్చిన పద్ధతి ప్రక్కప్రక్క అంకెల తారుమారును ఏ యొక్కటియు విడువక పట్టును. మన ఆధార్ సంఖ్యలోని పండ్రెండవ అంకె ఈ వెర్‌హోఫ్ పరీక్షాంకమే. అయినను కాలిక్యులేటరునకు ఇట్టి సాయము లభింపదు. కూరగాయల ధరకు పరీక్షాంకము లేదు. దాని కావలి అంకెయొక్క ఆకారమును మాత్రమే పరీక్షింపగలదు, సత్యమును పరీక్షింపలేదు. కనుక ఆ యాకారపరీక్షయైనను శ్రద్ధగా చేయవలెను.

ఎలక్ట్రానిక్ యుగమును గూర్చి లోకము చాల వినియున్నది. నాకిక్కడ కావలసినది స్వల్పము. 1957లో జపానులో కాషియో సోదరులు రిలేలతో చేసిన 14-ఏ యంత్రము పది మీటలనే స్వీకరించెను. 1961లో బ్రిటనులో వెలసిన అనీటా, లోపల గొట్టములున్నను వెలుపల కాంప్టోమీటరు వరుసలనే నిలుపుకొనెను. లోపలి భాగము మారినంత త్వరగా మనుష్యుల వ్రేళ్ళు మారవని ఆ కర్తలకు తెలిసియుండెను. బిజికామ్ అను జపాను కాలిక్యులేటరు సంస్థకై మొదలిడిన పనినుండి 1971లో ఇంటెల్ 4004 అను మైక్రోప్రాసెసరు పుట్టెను. 1972లో హ్యూలెట్ ప్యాకర్డు వారి హెచ్‌పీ-35 జేబులోనికి వచ్చెను. సున్నతో భాగింపుమన్నను, ఋణసంఖ్యకు వర్గమూలమడిగినను అది సున్నను మినుకుమినుకుమనిపించెడిది. మహావీరుడు లేదన్న వర్గమూలమును అదియు నట్లే నిరాకరించెను. చివర నొక్కిన సంఖ్యను మాత్రము తుడుచు మీట ఒకటి, సమస్తమును తుడుచు మీట వేఱొకటి యను ఆచారము జేబు యంత్రములతో సర్వసామాన్యమయ్యెను. మనిషి తప్పును, తప్పినంతమాత్రమున మొదటినుండి చేయవలసిన పనిలేదు అను అంగీకారము ఆ చిన్న మీటలో ఇమిడియున్నది.

ఇచట వాకిటి కావలి కేవలము సౌకర్యమని తలచువారికై ఒక సంఘటనము చెప్పవలెను. 1997 సెప్టెంబరులో అమెరికా యుద్ధనౌక యార్క్‌టౌనుపై ఒక నావికుడు కంప్యూటరు పట్టికలోని గడిలో సున్నను నమోదుచేయగా, ఆ సున్నతో భాగింపబోయిన వ్యవస్థ కుప్పకూలి, చోదకయంత్రములు పనిచేయక ఓడ వర్జీనియా తీరమునకు సమీపమున రెండుగంటలకు పైగా నిలిచిపోయెను. అంతటి ఓడకు ఒక గడివద్ద కావలి లేకపోయెను. వేల్సులోని స్వాన్సీ విశ్వవిద్యాలయమున పనిచేసిన హరాల్డ్ థింబుల్‌బీ చేతి కాలిక్యులేటరులను ఏండ్లతరబడి పరీక్షించి, దశాంశబిందువును రెండుమారులు నొక్కినచో ఒక యంత్రము రెండవదానిని లెక్కచేయదనియు, మఱియొకటి బిందువును క్రొత్తచోటికి జరుపుననియు, ఏదియు తప్పు జరిగినదని చెప్పదనియు చూపెను. ఔషధముల మోతాదును అంకెలతో నియమించు ఆసుపత్రి పంపులకును ఇదే స్వభావముండుట ఆయన ఆందోళనకు మూలము.

ఇక వెబ్. తొలినాళ్ళలో పుటలోని గడులలో వ్రాసినదంతయు దూరమునున్న సర్వరునకు పోయి, అక్కడ పరీక్షింపబడి, మందగతిగల టెలిఫోను తీగపై తిరిగి రావలసియుండెను. ఒక అంకె తప్పెనని తెలియుటకు నిరీక్షణము తప్పదు. ఈ పరీక్షను వాడువాని కంప్యూటరులోనే చేయించుటకై ఉపయోగింపబడిన భాష జావాస్క్రిప్ట్. బ్రెండన్ ఐక్ దాని తొలిరూపమును 1995 మే నెలలో పదిదినములలో వ్రాసెను, అదే యేడు డిసెంబరులో నెట్‌స్కేప్ సంస్థ దానిని లోకమునకు ప్రకటించెను. ఆ సంస్థ తొలి మార్గదర్శకమున పాఠకులకు చూపిన ఉదాహరణములలో ఒక కాలిక్యులేటరు కలదు. గడిలో వ్రాసిన గణితవాక్యమును ఉన్నదున్నట్లు భాషయొక్క ఇవాల్ అను ఆజ్ఞకు అప్పగించి ఫలమును ప్రక్కగడిలో చూపుటయే దాని పని. అప్పగించుటకు ముందు, నిశ్చయమేనా యని వాడువానిని అడుగును. అక్కఱలేని చోట ప్రశ్న, అక్కఱయున్న చోట మౌనము! ఇవాల్ గణితమును మాత్రమే చేయదు. వ్రాసినది ప్రోగ్రామైనచో ప్రోగ్రామునే నడుపును. ఆ నమూనాను చూచి లెక్కకు మిక్కిలిగా అభ్యాసకులు తమ కాలిక్యులేటరులను వ్రాసికొనిరి. అంకెలు, గుర్తులు, బిందువు, కుండలీకరణములు తప్ప తక్కినవి ప్రవేశింపరాదను చిన్ననియమమును పెట్టుటకు బోధకులకు చాలకాలము పట్టెను.

ఆ భాష వాకిట మఱికొన్ని వింతలు కలవు. గడిలోనుండి వచ్చునది సంఖ్య కాదు, అక్షరముల వరుస. రెండును రెండును కూడుమన్నచో ఇరువదిరెండు వచ్చును. ముందు సున్నయున్న సంఖ్యను అష్టాంశపద్ధతిలో చదువు అలవాటుచేత 010 ఎనిమిదియగును. పాత బ్రౌజరులలో 08, 09 అని వ్రాసిన ఆగస్టు సెప్టెంబరు మాసములు సున్నయై పోయెడివి, 2009 నాటి ప్రమాణముతో గాని ఆ దోషము తొలగలేదు. 0.1కి 0.2 కలిపినచో 0.30000000000000004 అని చూపుట 1985లో స్థిరపడిన ద్విసంఖ్యామానపు ప్రమాణము ఫలితము. అది తప్పు గాదని శాస్త్రజ్ఞుడెఱుగును, కిరాణాకొట్టువాడు మాత్రము యంత్రము చెడినదని తలచును, అతని తలపే న్యాయము. అన్నింటికంటె మనలను బాధించునది కామా. లక్ష యిరువదియైదువేలను మన పద్ధతిలో 1,25,000 అని వ్రాసి పార్స్‌ఫ్లోట్ అను ఆజ్ఞకు ఇచ్చినచో, అది మొదటి కామావద్ద ఆగి, ఒకటి యని చదివి, మిగిలినదానిని విడిచి, ఏ హెచ్చరికయు లేక లెక్కను సాగించును. సగము దిగిన మీట మరల వచ్చెను. ఈమారు బిగిసిపోవుటకు వరుసలు లేవు.

సంఖ్యలకే ప్రత్యేకింపబడిన గడిని హెచ్‌టీఎంఎల్ ఐదవ రూపము ప్రసాదించినప్పుడు అందఱును కష్టములు తీరెననిరి. కొన్ని బ్రౌజరులలో అక్షరములు నొక్కినను కనబడక మాయమగుట, గడిపై నున్నప్పుడు మౌసు చక్రము కదలినచో సంఖ్య తనంతట తాను మారిపోవుట గమనించి, బ్రిటిషు ప్రభుత్వపు డిజిటల్ విభాగమువారు 2020లో ఆ గడిని విడిచి, సామాన్యపు వ్రాతగడికే మఱలి, ఫోనులో మాత్రము అంకెల కీబోర్డు వచ్చునట్లు ఏర్పఱచుకొనిరి. వ్రాయనిచ్చి, చూడనిచ్చి, పిమ్మట తప్పును చెప్పుట, వ్రాయుచుండగా చేతినుండి లాగికొనుటకంటె మర్యాదగల పని.

2017 శరత్కాలమున ఆపిల్ సంస్థ ఐఫోనులకు పదునొకండవ రూపపు సాఫ్ట్‌వేరును పంపగా, అందలి కాలిక్యులేటరులో ఒకటి, రెండు, మూడు సంఖ్యలను వేగముగా కూడినవారికి ఇరువదినాలుగు వచ్చెను. మీటను నొక్కినప్పుడు అది మెఱసి మలగు అలంకారము పూర్తికాక మునుపే వ్రేలు తరువాతి మీటపై పడుటచేత రెండవ కూడికగుర్తు నమోదుగాక, ఒకటికి ఇరువదిమూడు కూడబడెను. ఆ యేడు డిసెంబరులో దానిని సరిదిద్దిరి. 1913 ప్రాంతమున ఇనుపమీటలలో నివారింపబడిన దోషమే నూఱేండ్ల పిమ్మట గాజుతెఱపై తిరిగి వచ్చెను. ఫెల్టు యంత్రము ఆగి చెప్పెను. ఈ యంత్రము చెప్పకయే తప్పుడు మొత్తమును చూపెను. ఈ రెంటిలో పాతదే గొప్ప యంత్రమని నా తీర్పు.

తెలుగువారికై కాలిక్యులేటరు వ్రాయబూను యువకులను నేను కోరునది అధికము గాదు. లక్షల కామాలను తుడిచి చదువుడు. సున్నతో భాగింపుమన్నవానికి, సున్నతో భాగింపరాదని తెలుగులో చెప్పుడు. 'ఇన్‌వాలిడ్ ఇన్‌పుట్' అని విదలింపకుడు. చెప్పినప్పుడు అతడు వ్రాసినదానిని తుడిచివేయకుడు. ౧౨౫ అని తెలుగంకెలలో వ్రాసినదానిని జావాస్క్రిప్ట్ సంఖ్య కాదని త్రోసిపుచ్చుచున్నది. యూనికోడులో ఆ అంకెలకు 1991 నుండియే స్థానము కలదు, వానిని మామూలు అంకెలుగా మార్చుటకు నాలుగైదు పంక్తుల ప్రోగ్రాము చాలును.